హంపికా, బాదామికా? సెలవు రెండు రోజులే అయితే ఏది మేలు?

పాత గుళ్ళు, కోటలు చూడ్డానికి ఎటైనా వెళ్దామా అని ఇంట్లో మాట రాగానే తెలుగువాళ్ళ నోట ముందు వచ్చే పేరు హంపి. రాయలవారి మీద మనకున్న అభిమానం అలాంటిది. అక్కడికి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో, అంతకన్నా పాతవైన చాళుక్యుల గుహలూ గుళ్ళూ ఉన్న బాదామి, పట్టదకల్, ఐహోళె ఉన్నాయని తెలిసినవాళ్ళు కూడా "హంపి చూశాక టైముంటే అటూ వెళ్దాంలే" అంటారు. ఆ టైము ఎప్పుడూ మిగలదు. నా లెక్క దీనికి తలకిందులు. చేతిలో శని, ఆదివారాలు మాత్రమే ఉంటే బాదామికి వెళ్ళండి. నాలుగు రోజులు దొరికినప్పుడు హంపి పెట్టుకోండి.

ముందు విస్తీర్ణం సంగతి. హంపిలో యునెస్కో గుర్తించిన ప్రాంతమే దాదాపు 42 చదరపు కిలోమీటర్లు. విరూపాక్ష గుడి ఒక కొసన ఉంటే విఠ్ఠలాలయం ఇంకో కొసన ఉంటుంది. మహర్నవమి దిబ్బ, మెట్ల కోనేరు, హజారరామాలయం, లోటస్ మహల్, ఏనుగుల శాల మరో వైపు. తుంగభద్ర దాటితే ఆనెగొంది, అంజనాద్రి. వీటన్నిటినీ ఒకటిన్నర రోజులో చుట్టేయాలంటే ఆటో అతను "ఇరవై నిమిషాల్లో వచ్చేయండి సార్" అన్న ప్రతిచోటా దిగడం, నాలుగు ఫొటోలు తీసుకోవడం, ఎక్కడం. అలా తిరిగొచ్చినవాళ్ళని ఏం చూశారని అడగండి, రాతి రథం అంటారు. అది యాభై రూపాయల నోటు మీద కూడా ఉంది, దానికోసం రాత్రంతా ప్రయాణం చెయ్యక్కర్లేదు.

హంపిలో అసలు సరుకంతా నిలబడి చూస్తేనే దొరుకుతుంది. ఉదాహరణకి లక్ష్మీనరసింహుడు. 1528లో, కృష్ణదేవరాయల కాలంలో ఒకే బండ నుంచి చెక్కిన 6.7 మీటర్ల విగ్రహం. గుడ్లు మిటకరించిన ఆ ముఖాన్ని చూసి చాలామంది "ఉగ్రనరసింహుడు" అనేసుకుంటారు. నిజానికి ఆయన తొడ మీద లక్ష్మీదేవి ఉండేది. ఆమె విగ్రహాన్ని పగలగొట్టేశారు కానీ, భర్తను చుట్టుకున్న ఆమె చెయ్యి మాత్రం ఆయన వెనకవైపు రాతికి అంటుకుని మిగిలిపోయింది. ఆ చెయ్యి సంగతి తెలిశాక ఆ ముఖంలో ఉగ్రం సగం తగ్గుతుంది. హజారరామాలయమూ అంతే. గోడల మీద వరసలు వరసలుగా రామాయణం ఉంటుంది. ప్రదక్షిణంగా తిరుగుతూ కథ చదువుకోవాలి. తీరిగ్గా చూస్తే దానికే ఒక పూట పడుతుంది. విరూపాక్ష గుడి వెనక చీకటి గదిలో గోపురం నీడ తలకిందులుగా పడేది చూసి అందరూ ఆశ్చర్యపోతారు. రంగమండపం కప్పు మీద రంగుల బొమ్మల్లో విద్యారణ్యస్వామి పల్లకీ ఊరేగింపు ఉంటుంది, దానికోసం తలెత్తేవాళ్ళు తక్కువ.

ఇవన్నీ రెండు రోజుల్లో కుదరవు. కుదిరినా మధ్యాహ్నం ఎండకి ఆ బండరాళ్ళు కాలుతుంటే ఎవరికీ ఏదీ ఎక్కదు.

అదే బాదామి వైపు చూడండి. ఒక రోజు బాదామి. రెండో రోజు 22 కిలోమీటర్ల దూరంలో పట్టదకల్, అక్కణ్ణుంచి ఇంకో 13 కిలోమీటర్లలో ఐహోళె. పట్టదకల్‌లో గుళ్ళన్నీ దాదాపుగా ఒకే ఆవరణలో ఉంటాయి. ఐహోళెలో వందకి పైగా గుళ్ళున్నా దుర్గ గుడి, లాడ్‌ఖాన్ గుడి, రావణఫడి గుహ, కొండ మీద మేగుటి చూస్తే చాలు. అక్కడ పరుగు ఉండదు. సాయంత్రానికి బాదామి చేరి అగస్త్య తటాకం గట్టున కూర్చునే తీరిక కూడా దొరుకుతుంది.

అగస్త్యుడి పేరు చెప్పాం కాబట్టి ఒక మాట. చంటిపిల్లలకి పాలు పట్టాకో, అన్నం పెట్టాకో పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారు కదా, అగస్త్యుడు తిని అరిగించుకున్న ఆ రాక్షసుడు వాతాపి పేరే ఈ ఊరి పాత పేరు. హంపిని మనదనుకుంటాం, బాదామిని పరాయి ఊరనుకుంటాం. చరిత్ర చూస్తే బాదామికీ మనకీ చుట్టరికం గట్టిదే. బాదామి చాళుక్యుల్లో రెండో పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడే 624 ప్రాంతంలో వేంగిలో తూర్పు చాళుక్య వంశానికి మూలపురుషుడయ్యాడు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడు ఆ వంశంవాడే. ఐహోళెలో మేగుటి జైన ఆలయం గోడ మీద 634 నాటి శాసనం ఉంది. రవికీర్తి అనే కవి పులకేశి విజయాల గురించి రాసిన సంస్కృత శాసనం. హర్షుణ్ణి ఓడించిన సంగతి ఉన్న ఆ శాసనంలోనే మన పిఠాపురం కోటను పట్టిన సంగతీ ఉంది. కొల్లేరుగా చరిత్రకారులు గుర్తించిన కునాల సరస్సు ప్రస్తావన కూడా ఉంది. కవిగారు చివర్లో తనను తాను కాళిదాసు, భారవులతో సమానమని పొగుడుకున్నాడు. ఆ అక్షరాలు చూడ్డానికి కొండెక్కాలి, ఎక్కండి.

హంపి పక్షాన కూడా ఇలాంటిది ఒకటి చెప్పకపోతే అన్యాయం. అక్కడి కృష్ణాలయం రాయలు నెల్లూరు సీమలోని ఉదయగిరిని ఒడిశా గజపతుల నుంచి గెలిచిన గుర్తుగా 1515 ప్రాంతంలో కట్టించాడు. ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణుణ్ణి అందులో పెట్టారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గుడికి వెళ్తే ఖాళీ గర్భగుడి కనిపిస్తుంది.

రెండు చోట్లా రాయి వేరు. హంపిది గ్రానైటు, మొండి రాయి. ఉలికి అంత తేలిగ్గా లొంగదు. అందుకే గోపురాల పై అంతస్తులు ఇటుక, సున్నంతో కట్టారు. 1565 తళ్ళికోట యుద్ధం తరవాతి విధ్వంసానికీ, వందల ఏళ్ళ వానలకీ చాలావరకు పడిపోయినవి అవే. రాజభవనాల పైభాగాలు చెక్కతో కట్టినవి కావడంతో కాలిపోయాయి, కింది అరుగులు మిగిలాయి. బాదామి వైపు ఎర్రని ఇసుకరాయి. చెక్కేవాడి చెయ్యి ఎటు తిరిగితే అటు తిరుగుతుంది. మొదటి గుహ పక్కనున్న పద్ధెనిమిది చేతుల నటరాజును చూస్తే ఇది అర్థమవుతుంది. ఏ రెండు చేతులు కలిపి చూసినా ఒక కొత్త భంగిమ వస్తుంది. గైడ్లు లెక్కపెట్టి 81 అంటారు. మూడో గుహ అన్నిటికన్నా పెద్దది, విష్ణువుది. అందులో చాళుక్య మంగళేశుడు వేయించిన శాసనం ఉంది కాబట్టి దాని వయసు తేలిపోయింది, 578. శేషుడి చుట్టల మీద కూర్చున్న విష్ణువునీ, వసారా దూలాల కింద ఆనించిన జంట బొమ్మల్నీ చూసి, ఇది హంపి కన్నా ఏడెనిమిది వందల ఏళ్ళు పాతదని గుర్తు చేసుకోండి.

ఇక పట్టదకల్. గుడి కట్టడం మన దేశంలో ఎలా ఎదిగిందో ఒక్కచోట తెలుసుకోవాలంటే ఇంతకు మించిన చోటు నేను చూడలేదు. ఉత్తరాది పద్ధతిలో నిలువుగా వంపు తిరిగి లేచిన శిఖరం, దక్షిణాది పద్ధతిలో అంతస్తులు అంతస్తులుగా తగ్గుతూ పోయే విమానం, రెండూ ఒకే ఆవరణలో పక్కపక్కన ఉంటాయి. గళగనాథ గుడి ముందు నిలబడి ఒకసారి, సంగమేశ్వరం ముందు నిలబడి ఒకసారి చూస్తే చాలు, ఆ తరవాత మీరు ఏ గుడికి వెళ్ళినా ఇది ఏ పద్ధతిదో చెప్పేస్తారు.

విరూపాక్షుడు ఇక్కడా ఉన్నాడు. చాళుక్య రాజు రెండో విక్రమాదిత్యుడు కంచి పల్లవులను గెలిచినందుకు గుర్తుగా అతని రాణి లోకమహాదేవి కట్టించిన గుడి ఇది. ఎదురుగా నల్లరాతి నంది. ఈ గుడి వెనక కథ నాకు మరీ ఇష్టం. 642లో పల్లవ నరసింహవర్మ వాతాపిని పట్టుకుని "వాతాపికొండ" (వాతాపిని గెలిచినవాడు) అని బిరుదు పెట్టుకున్నాడు. దాదాపు వందేళ్ళకి విక్రమాదిత్యుడు పగ తీర్చుకోడానికన్నట్టు కంచి మీదికి వెళ్ళాడు, గెలిచాడు. గెలిచి ఊరిని తగలబెట్టలేదు. అక్కడి కైలాసనాథాలయం బంగారాన్ని గుడికే వదిలేసి, ఆ సంగతి అక్కడి స్తంభం మీద కన్నడంలో చెక్కించి వచ్చాడు. రాణి ఇక్కడ కట్టించిన గుడిలో ఆ కంచి గుడి పోలికలు కనిపిస్తాయి. హంపిలో పగిలిన విగ్రహాలు చూసొచ్చినవాళ్ళకి ఈ కథ ఇంకా గట్టిగా తగులుతుంది.

ఇంత చెప్పినా అందరికీ బాదామి సరిపడదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే హంపే మేలు. బాదామి గుహలన్నీ మెట్ల మీదే. ఒక్కో గుహకీ ఇంకొన్ని మెట్లు పైకి వెళ్ళాలి. హంపిలో విరూపాక్ష దర్శనానికి ఎక్కేదేం లేదు, విఠ్ఠలాలయం దాకా బ్యాటరీ బండ్లున్నాయి. అంజనాద్రి మాత్రం వాళ్ళకి వద్దు, 575 మెట్లు. (హనుమంతుడు పుట్టింది తిరుమల కొండల్లోని తమ అంజనాద్రిలోనే అని టీటీడీ 2021లో ప్రకటించింది. ఆనెగొందివాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తకండి.) పూజలు జరిగే గుడి కావాలనే పెద్దవాళ్ళకి బాదామి దగ్గర బనశంకరి అమ్మవారు ఉంది. పుష్య పౌర్ణమి జాతర రోజుల్లో మాత్రం గదులు దొరకడం కష్టం, ఆ సమయం తప్పించుకోండి.

పిల్లలుంటే కూడా హంపికే నా ఓటు. ఏనుగుల శాలలో పదకొండు గదుల్లో దాగుడుమూతలు, తుంగభద్రలో పుట్టి ఎక్కడం, బండల మీద గెంతడం వాళ్ళకి చాలు. విఠ్ఠలాలయంలో స్తంభాలు తట్టి సరిగమలు వినిపించడం ఇప్పుడు కుదరదు, ఆపేశారు. భాష ఇబ్బందీ ఉండదు. హోసపేట, బళ్ళారి వైపు తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామంది. బాదామిలో కన్నడమే. కోతులు రెండు చోట్లా ఉన్నాయి కానీ బాదామి గుహల దగ్గరవి ఆరితేరినవి. చేతిలో కవరు కనిపిస్తే లాక్కుపోతాయి.

బస విషయంలో ఒక హెచ్చరిక. హంపిలో నది అవతల విరూపాపుర గడ్డ మీద రిసార్టులు బావుంటాయని పాత రాతల్లో కనిపిస్తుంది. కోర్టు తీర్పుతో 2020లో అవన్నీ కూల్చేశారు. కమలాపురంలోనో హోసపేటలోనో దిగండి. రాజభవనం అంటే అద్దాలూ, షాండ్లియర్లూ ఉన్న దర్బారు అనుకునేవాళ్ళకి ఈ రెండూ నచ్చవు. వాళ్ళు సుఖంగా మైసూరు వెళ్ళొచ్చు.

ఎప్పుడు వెళ్ళినా నవంబరు, ఫిబ్రవరి మధ్యలోనే. కోస్తా నుంచి బయల్దేరేవాళ్ళకి నరసాపురం–హుబ్బళ్ళి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది. హంపికైతే హోసపేటలో దిగాలి. బాదామికైతే అదే బండిలో గదగ్ దాకా వెళ్ళి, అక్కడ ఇంకో బండో బస్సో పట్టుకోవాలి, దాదాపు 70 కిలోమీటర్లు. ఒకే ప్రయాణంలో రెండూ చూడగలిగే అదృష్టవంతులు ముందు గదగ్ దాకా పోయి బాదామి చూసుకుని, తిరుగు ప్రయాణంలో హోసపేటలో దిగడం మంచిది. హంపి పెద్దరికం చూసి వచ్చిన కళ్ళకి పట్టదకల్ గుళ్ళు చిన్నవిగా కనిపించి, చూడాల్సినవి చూడకుండానే బయటికొచ్చేస్తారు. ముందు చాళుక్యులను చూసి వెళ్తే, విఠ్ఠలాలయం స్తంభాలు ఎక్కణ్ణుంచి మొదలై అంతదాకా వచ్చాయో తెలుస్తుంది.

రెండింటికీ సెలవు చాలదంటారా? హైదరాబాదు–కర్నూలు రోడ్డు మీద వెళ్ళేటప్పుడు అలంపురం దగ్గర బండి పక్కకి తిప్పండి. జోగులాంబ దర్శనం చేసుకుని చాలామంది తిరిగొచ్చేస్తారు. ఆ పక్కనే ఉన్న నవబ్రహ్మ ఆలయాలు కట్టించింది ఈ బాదామి చాళుక్యులే. పట్టదకల్‌లో పాపనాథ గుడి చూసినవాళ్ళు అలంపురం స్వర్గబ్రహ్మ గుడిని చూస్తే పోలిక ఇట్టే పట్టేస్తారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునగకుండా రాళ్ళు విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా ఆ ఊళ్ళోనే ఉంది.