ఓటు హక్కు ఛాయాచిత్రాల వెంట వాషింగ్టన్‌లో రెండు రోజులు

1917లో వైట్ హౌస్ గేటు ముందు నిలబడి, స్వేచ్ఛ కోసం స్త్రీలు ఇంకెన్నాళ్లు ఎదురుచూడాలని అధ్యక్షుణ్ణి అడిగే బ్యానరు పట్టుకున్న యువతుల ఫోటోను ఇంటర్నెట్‌లో చాలాసార్లు చూశాను. అటువంటి చిత్రాలు తీసిన చోట్లూ, దాచిన చోట్లూ చూడాలన్న కోరికతోనే ఈసారి వాషింగ్టన్ వెళ్లాను.

మొదటి రాత్రి కాపిటల్‌కు దగ్గరలోని ఒక హోటల్లో దిగాను. అద్దెకు తగ్గ గది కాదు సరికదా, ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఉంచుకోవడానికి కూడా విడిగా డబ్బు అడిగారు. మర్నాడు హెర్న్‌డన్‌లోని పిన్ని కూతురింటికి మారాను. అక్కడ సిల్వర్ లైన్ మెట్రో ఎక్కితే మధ్యలో మారకుండా కాపిటల్ సౌత్‌లో దిగవచ్చు కనుక, దూరమైనా నాకు ఆ బసే నచ్చింది.

ఆ స్టేషన్ పక్కనే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి మాడిసన్ భవనం ఉంది. రీడర్ కార్డు ఉచితమే అయినా, ఫోటోల విభాగంలో ఏమి చూడాలో ముందే రాసి పంపడం మంచిది. సంచి లాకరులో పెట్టి, పెన్సిలుతోనే రాసుకోవాలి. బెయిన్, హారిస్ అండ్ ఈవింగ్ అనే ఆనాటి వార్తాఛాయాచిత్ర సంస్థల గాజు నెగటివ్‌లు చాలావరకు డిజిటల్ రూపంలో ఉన్నాయి కాబట్టి, బొమ్మ మాత్రమే కావాలనుకునేవారికి ఇంత దూరం రావలసిన పని లేదు. స్త్రీల ఓటు హక్కు కోసం 1913 మార్చి 3న వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపులో తెల్ల గుర్రమెక్కిన ఇనెజ్ మిల్‌హాలండ్ చిత్రం నా ఫోనులోనూ అంతే స్పష్టంగా ఉంది. అదే ఊరేగింపులో నల్లజాతి స్త్రీలను వెనక నడవమంటే ఒప్పుకోక, నల్లజాతి పత్రికా రచయిత్రి ఇడా బి. వెల్స్ దారిలో ఇలినాయ్ బృందంతో కలిసి నడిచారన్న సంగతి మాత్రం ఆ గుర్రం బొమ్మ చెప్పదు.

అక్కడినుంచి నడిచి వెళ్లగలిగే బెల్మాంట్-పాల్ భవనం చిన్నదే, ప్రవేశమూ ఉచితమే. స్త్రీల ఓటు హక్కు కోసం వైట్ హౌస్ ముందు నిరసనలు నడిపిన నేషనల్ వుమెన్స్ పార్టీకి 1929 నుంచి చాలా ఏళ్లు అదే కార్యాలయంగా ఉండేది. ఇన్నేళ్లూ నలుపు తెలుపుల్లో చూసిన బ్యానర్ల అసలు రంగులు ఊదా, తెలుపు, బంగారు పసుపు అని అక్కడ కళ్లారా చూశాక, పాత ఫోటోలన్నీ మళ్లీ మొదటినుంచి చూడాలనిపించింది. ఒక్క పూటే ఉన్నవారు లైబ్రరీని వదిలి ఇక్కడికే రావాలని నా సలహా.

రెండో రోజు వర్జీనియాలోని లార్టన్‌కు వెళ్లాను. పాత జైలు ఆవరణలో ఇప్పుడు లూసీ బర్న్స్ మ్యూజియం ఉంది. తెరిచే రోజులు ముందుగా చూసుకోవాలి. ఆ పార్టీ నాయకుల్లో ఒకరైన లూసీ బర్న్స్ జైలు గది ముందు కుర్చీలో నిబ్బరంగా కూర్చున్న ఫోటో ప్రసిద్ధమైనది. 1917 నవంబరు 14 రాత్రి ఇక్కడి ఆకోక్వాన్ జైలులో ఆమె చేతులను తలపైకెత్తి ఊచలకు సంకెళ్లతో బిగించారు. రెండు దృశ్యాలనూ పక్కపక్కన ఊహించుకుంటూ నేను అక్కడే ఎక్కువసేపు గడిపాను. కొద్ది దూరంలో, ఆకోక్వాన్ పార్కులోని స్మారకంలో, వైట్ హౌస్ పాత కంచె ముక్క ఒకటి నిలిపారు.

తిరుగు క్యాబ్ దొరకడానికి ముప్పావు గంట పట్టింది. కారున్న బంధువులెవరైనా ఉంటే లార్టన్‌కు వారిని వెంటబెట్టుకు వెళ్లడం మేలు.