శనగపచ్చ పురుగు రూపాంతరం: జన్యువుల మార్పు చూడటానికి ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ మేలా, క్యూపీసీఆర్ మేలా?

కాయ తొలిచే లార్వా, మట్టిలో దాగే ప్యూపా, ఎగిరే రెక్కల పురుగు: మూడింటిలోనూ ఉన్న జన్యువులు అవే. ఏది ఎప్పుడు, ఎంత పనిచేస్తోందన్నదే మారుతుంది. పనిచేసే జన్యువు నుంచి ఆర్ఎన్ఏ ప్రతులు వస్తాయి, వాటిని లెక్కిస్తే ఆ పని ఎంతో తెలుస్తుంది. అందుకు ఎక్కువగా వాడే పద్ధతులు రెండు: ఆర్ఎన్ఏ అంతటినీ చదివే సీక్వెన్సింగ్, ఎంచుకున్న జన్యువుల ప్రతులను మాత్రమే కొలిచే క్యూపీసీఆర్.

సీక్వెన్సింగ్ బలం విస్తృతి. శనగపచ్చ పురుగు జీనోమ్, అంటే దాని మొత్తం జన్యు సమాచారం, 2017లో వెలువడింది. ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు అందులో 17 వేల దాకా ఉన్నాయి. వాటన్నిటినీ ఒకేసారి చూడొచ్చు, మనం ఊహించనివి కూడా దొరుకుతాయి. అయితే ఒక్కో శాంపిల్‌కు ఖర్చు ఎక్కువ కాబట్టి చాలామంది లార్వా ఒకటి, ప్యూపా ఒకటి తీసుకుని ఊరుకుంటారు. వేల జన్యువులు మారాయని పెద్ద జాబితా వస్తుంది. అందులో ఏది కారణమో, ఏది ఫలితమో తేలదు. పైగా ఈ సమయంలో పేగు పాత కణాలు రాలిపోయి కొత్తవి ఏర్పడతాయి. పురుగు మొత్తాన్ని నూరితే, కనిపించిన తేడా జన్యువు పనితీరుదా, లేక కణాల పాళ్లు మారడం వల్ల వచ్చిందా అన్నది చెప్పలేం. ఏ పద్ధతి ఎంచుకున్నా పేగును, కొవ్వు కణజాలాన్ని, చర్మాన్ని విడివిడిగా తీయాలని నేను గట్టిగా చెబుతాను.

క్యూపీసీఆర్ చూసేది కొన్ని జన్యువులనే, కానీ తక్కువ ఖర్చుతో చాలా సమయాల్లో చూస్తుంది. రూపాంతరానికి కావలసింది సరిగ్గా అదే. పురుగును లార్వాగానే ఉంచే జువెనైల్ హార్మోన్ ఉన్నంతకాలం క్రూపెల్ హోమోలాగ్-1 జన్యువు మార్పును ఆపి ఉంచుతుంది. చివరి లార్వా దశలో ఆ హార్మోన్ తగ్గాక, పొర విడిచేలా చేసే ఎక్డైసోన్ హార్మోన్ పెరిగినప్పుడు బ్రాడ్ జన్యువు ప్యూపా వైపు నడిపిస్తుంది. ఆ తర్వాత ఈ93 వంతు, రెక్కల పురుగు రూపం దానిదే. హార్మోన్ ఎగుడుదిగుళ్లు గంటల్లో జరిగిపోతాయి. రోజుకొక శాంపిల్ తీస్తే అసలు మలుపే జారిపోవచ్చు.

క్యూపీసీఆర్‌లో టెన్షన్ పెట్టేది రిఫరెన్స్ జన్యువు, అంటే మారదని నమ్మి మిగతావాటిని పోల్చి చూసే జన్యువు. అలవాటుగా కండరాల ప్రోటీన్ అయిన యాక్టిన్ జన్యువును పెట్టుకుంటే ప్రమాదం. లార్వా కండరాలు చాలావరకు కరిగి కొత్తవి తయారయ్యే కాలమిది, యాక్టిన్ స్థిరంగా ఉంటుందని అనుకోలేం. రైబోజోమ్ ప్రోటీన్ జన్యువుల వంటివి కొన్ని తీసుకుని, అన్ని దశల్లోనూ నిలకడగా ఉన్నవాటినే వాడాలి.

ప్రశ్న హార్మోన్ల దారి గురించైతే నా ఓటు క్యూపీసీఆర్‌కే. ఏ జన్యువులు ఉన్నాయో కూడా తెలియని చోట సీక్వెన్సింగ్ తప్పదు. రెండూ చేయగలిగితే మాత్రం వరుస మార్చమంటాను. ముందు సీక్వెన్సింగ్ చేసి, అదే ఆర్ఎన్ఏ మీద పది జన్యువులను క్యూపీసీఆర్‌తో సరిచూడటం మామూలు పద్ధతి. దానివల్ల కొత్తగా తెలిసేది తక్కువ. పై మూడు జన్యువులను ముందే క్యూపీసీఆర్‌తో చూసి, మలుపు ఏ గంటల్లో ఉందో పట్టుకుని, ఆ శాంపిళ్లనే సీక్వెన్సింగ్‌కు పంపితే ప్రతి పైసా పనికొస్తుంది.

ఫలానా జన్యువు లేకపోతే ప్యూపా ఆగిపోతుందా అన్నది ఈ రెండిటితోనూ తేలదు. జంటపోగు ఆర్ఎన్ఏ ఇచ్చి జన్యువును అణిచే ఆర్ఎన్ఏఐ పద్ధతి ఈ జాతి పురుగుల్లో నమ్మకంగా పనిచేయదు. ఇచ్చిన జంటపోగు ఆర్ఎన్ఏ పేగులోనే విరిగిపోతుంది, కణంలోకి చేరినా సంచుల్లో చిక్కుకుంటుంది. కాబట్టి ఆ ప్రశ్నకు డీఎన్ఏను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో జన్యువును తొలగించి చూడటమే మేలు.