జాగ్రత్త: స్టిక్కరు మీద ‘లెడ్ ఫ్రీ 0.5’ అని ఉన్నంత మాత్రాన అది 0.5 కాదు

సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రానికో, గుండె నాళాల పరీక్షలు చేసే క్యాత్ ల్యాబ్‌కో ‘లెడ్ ఫ్రీ, అల్ట్రా లైట్, 0.5 ఎంఎం’ ఏప్రాన్లు (ఎక్స్‌రే ఒంటికి తగలకుండా ఆపే తొడుగులు) ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు కాస్త ఆగండి. ఆ 0.5 అంటే అర మిల్లీమీటరు సీసం ఆపినంత ఆపుతుందని. దాని పక్కన కేవీ అంకె (ఎక్స్‌రే ట్యూబుకు ఇచ్చే వోల్టేజి, కిలోవోల్టుల్లో) ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. అర మిల్లీమీటరు సీసం ఏ కేవీ దగ్గరైనా అర మిల్లీమీటరు సీసమే. తగరం, ఆంటిమొని, బిస్మత్, టంగ్‌స్టన్ పొడులను రబ్బరులోనో వినైల్‌లోనో కలిపి చేసిన షీటు సంగతి అలా కాదు. 80 కేవీ దగ్గర 0.5కు సరితూగిన షీటు 120 దగ్గరికి వచ్చేసరికి అంతకంటే తక్కువే తేలవచ్చు.

కారణం తగరంలోనే ఉంది. 29 కేఈవీ (ఒక్కో ఎక్స్‌రే కణం శక్తికి కొలత; 120 కేవీ కిరణంలో 120 కేఈవీ దాకా ఉంటాయి) నుంచి 88 దాకా బరువుకు బరువు చూస్తే తగరమే మేలు. 60 కేఈవీ దగ్గర సీసం కన్నా గ్రాముకు సుమారు 30 శాతం ఎక్కువ ఆపుతుంది. తేలిక అన్న మాటకు ఆధారం ఇదే, అందులో అబద్ధం లేదు. 88 దాటితే మాత్రం కథ తిరగబడుతుంది. 100 కేఈవీ దగ్గర సీసం పనితనం తగరానికి మూడు రెట్లకు పైనే. అందుకే సీటీ గదిలో రోగిని పట్టుకుని నిలబడేవాళ్లకూ, 140 కేఈవీ టెక్నీషియం-99ఎంతో పనిచేసే న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లకూ తగరం, ఆంటిమొని మాత్రమే ఉన్న సరుకు కొనకండి. పెట్ స్కాన్‌లోని 511 కేఈవీ ముందు సీసం ఏప్రానే పెద్దగా ఆనదు, ఇక దీని మాట చెప్పేదేముంది.

అసలు దెబ్బ రెండోది. టెస్ట్ రిపోర్టులో అది కనపడదు. తగరం ఎక్స్‌రేను మింగి, 25 కేఈవీ చుట్టుపక్కల తన సొంత ఎక్స్‌రేను వదులుతుంది. ఆ శక్తి 29 కన్నా తక్కువ కాబట్టి తగరమే దాన్ని సరిగ్గా ఆపలేదు. అందులో కొంత నేరుగా ఒంటి మీదికే వస్తుంది. సన్నని కిరణం పంపి, డిటెక్టర్‌ను దూరంగా పెట్టి కొలిచే నారో బీమ్ పరీక్షలో ఇది డిటెక్టర్ దాకా చేరదు, రిపోర్టు అందంగా వస్తుంది. ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 61331-1 ప్రమాణం 2014 ఎడిషన్‌లో ఇన్వర్స్ బ్రాడ్ బీమ్ పద్ధతి (డిటెక్టర్‌ను షీటుకు దగ్గరగా పెట్టి కొలిచేది) ఉన్నది ఈ లెక్క పట్టుకోవడానికే. రిపోర్టులో ‘నారో బీమ్’ అని మాత్రమే ఉంటే ఒప్పుకోకండి. పనితెలిసిన తయారీదారులు ఒంటివైపు బిస్మత్ పొర వేసి ఈ కిరణాలను అక్కడే ఆపుతారు. అలాంటి రెండు పొరల ఏప్రాన్‌ను తిరగేసి తొడిగితే ఆ పొర పెట్టిన ఫలం పోతుంది. కాబట్టి ‘రివర్సిబుల్, ఎటైనా వేసుకోవచ్చు’ అని అమ్మేవాడిని లోపల పొరల వరస ఏమిటో అడగండి.

మూడోది పాత ఎత్తే. స్కర్ట్-వెస్ట్ రకంలో షీటు 0.25 మాత్రమే ఉంటుంది, ముందు రెండు అంచులూ ఒకదాని మీదొకటి పడితేనే 0.5. కాస్త ఒళ్లున్నవాళ్లకు ఆ అంచులు కలవనే కలవవు, పక్కలా వీపూ ఎలాగూ 0.25తోనే ఉంటాయి. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అడిగే కనీసం 0.25 కాబట్టి ఇది నిబంధనకు విరుద్ధం కాదు. 0.5 ధర కట్టించుకోవడమే అన్యాయం.

సరుకు రాగానే మొదట తూకం వేయండి. 0.5 మి.మీ. సీసం చదరపు మీటరుకు 5.67 కిలోలు, 0.25 అయితే 2.83. ఉదాహరణకు 60 సెం.మీ. వెడల్పు, 100 సెం.మీ. పొడవు ఉన్న ఏప్రాన్‌కు ఒట్టి సీసమే 3.4 కిలోలు కావాలి. తగరం లాభమంతా కలిపినా లోహం రెండున్నర కిలోల దిగువకు రావడం కష్టం. పైగా రబ్బరు, గుడ్డ, బకిల్స్ బరువు వేరు. అంతా కలిపి 1.8 కిలోలు తూగితే అది 0.5 అని నమ్మకండి.

తర్వాత ఎక్స్‌రే. డీఆర్ (డిజిటల్ ఎక్స్‌రే) ప్యానెల్ మీద ఏప్రాన్ పక్కనే 0.25, 0.5 మి.మీ. సీసం రేకులు పెట్టి, ఒకే ఎక్స్‌పోజర్‌లో మూడూ వచ్చేలా 70, 100, 120 కేవీల దగ్గర తీయండి. ఏఈసీ (డోసును తనంతట తానే సర్దే ఏర్పాటు) ఆపేయాలి. లేదంటే మెషీన్ తనే డోసు పెంచుకుంటూ పోతుంది. రేకుల్ని విడి ఎక్స్‌పోజర్‌లో తీసి పోల్చకండి, సాఫ్ట్‌వేర్ ప్రతి బొమ్మనూ తనకు నచ్చిన తెలుపు నలుపులకు సర్దేస్తుంది. 70 దగ్గర 0.5 రేకుతో కలిసిపోయిన ఏప్రాన్ 120 దగ్గర 0.25 వైపు జరిగితే విషయం తేలినట్టే. అదే బొమ్మలో చిల్లులు, మడత పగుళ్లు, కుట్టు దగ్గర పొడి పలచబడ్డ చోట్లు కూడా బయటపడతాయి.

ఫిజిసిస్ట్ అందుబాటులో ఉంటే అయాన్ ఛాంబర్ (రేడియేషన్ కొలిచే పరికరం)తో ఇంకొకటి చేయించండి. షీటును ఛాంబర్‌కు ఆనించి ఒకసారి, 30 సెం.మీ. దూరం జరిపి ఇంకోసారి కొలవాలి, సీసం రేకుతోనూ అలాగే. ఆనించినప్పటి రీడింగ్ సీసం రేకుకు కాక ఏప్రాన్‌కు మాత్రమే బాగా ఎక్కువ వస్తే అది లోపలివైపు వస్తున్న తగరం కిరణం. సాలిడ్ స్టేట్ మీటర్లు ఇక్కడ తప్పుదోవ పట్టించగలవు. టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన డోసు కొలిచే బిళ్ల) చూసుకుంటుందిలే అనుకోవద్దు. అది చదివేది మూడు నెలలకోసారి.

పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి: ఏ కేవీల దగ్గర ఎంత సీసానికి సమానం, ఏ పద్ధతిలో కొలిచారు, ఆ అంకె ఒక్క షీటుకా, ఒకదాని మీదొకటి పడ్డ రెండింటికా, చదరపు మీటరు బరువు, ఏయే లోహాలు, ఈ బ్యాచ్‌ రిపోర్టు నంబరు. ‘లైట్ లెడ్’, ‘లెడ్ కాంపోజిట్’ అని ఉంటే అందులో సీసం ఉన్నట్టే. పారేసేటప్పుడు దాన్ని సీసం వ్యర్థంగానే చూడాలి. మిగతా సొమ్ము పరీక్ష అయ్యాకే కట్టండి. ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ ఉందని, కొత్తవి 120 కేవీ దగ్గర నెగ్గకముందే పాత లెడ్ ఏప్రాన్లను వ్యాన్ ఎక్కించకండి.