"అదే మందు, కంపెనీ మాత్రమే వేరు" అని పంపే మాత్రల విషయంలో జాగ్రత్త

నెలనెలా వాడే మందులను యాప్ ద్వారా ఇంటికి తెప్పించుకునే వారందరికీ ఈ హెచ్చరిక. మీరు కోరిన బ్రాండు తమ వద్ద లేనప్పుడు కొందరు అమ్మకందారులు మిమ్మల్ని గానీ, చీటీ రాసిన వైద్యుణ్ణి గానీ అడగకుండానే వేరొక బ్రాండు మాత్రలు పెట్టి పంపిస్తున్నారు. ఆ రెండో బ్రాండులో ఉన్నది నిజంగా అదే ఔషధమైతే ఇబ్బంది లేదు. మా నాన్నగారి విషయంలో అలా జరగలేదు. పేరులో మొదటి మాట ఒకటే, మిల్లీగ్రాముల అంకె ఒకటే, కానీ ఒంట్లో పనిచేసే తీరు పూర్తిగా వేరైన మాత్ర మా ఇంటికి వచ్చింది.

మా నాన్నగారు రక్తపోటుకు మెటోప్రోలాల్ సక్సినేట్ 50 మి.గ్రా. మాత్రను కొన్నేళ్లుగా వాడుతున్నారు. అది నెమ్మదిగా విడుదలయ్యే రకం. ఉదయం ఒక్కటి వేసుకుంటే మరునాటి ఉదయం వరకు పనిచేస్తుంది. చీటీలో ఆ సంగతి స్పష్టంగానే ఉంది, యాప్‌లో చేర్చినది కూడా ఆ చీటీనే. వచ్చినది మాత్రం మెటోప్రోలాల్ టార్ట్రేట్ 50 మి.గ్రా., అంటే వేసుకోగానే కరిగిపోయే సాధారణ మాత్ర. బిల్లులో ఒక మూల, భూతద్దం పెట్టి చూస్తే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో "ప్రత్యామ్నాయం" అని ముద్రించారు. ఫోను రాలేదు, సందేశం రాలేదు.

కొత్త స్ట్రిప్ మొదలుపెట్టాక ఆయనకు ఉదయం మాత్ర వేసుకున్న గంటా రెండు గంటలకు లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలైంది. నాడి వేగం బాగా తగ్గేది. సాయంత్రం దాటేసరికి బీపీ మీటరులో అంకెలు మామూలు కంటే పైకి పోయేవి. పొద్దున తక్కువ, రాత్రి ఎక్కువ అనే ఈ వరుస చూసిన వైద్యురాలు ముందుగా అడిగింది ఒక్కటే: "ఇప్పుడు వాడుతున్న స్ట్రిప్‌లన్నీ తీసుకురండి." స్ట్రిప్ వెనుక ఉన్న వాక్యాన్ని చదవగానే కారణం బయటపడింది. మందు డోసు పెంచడమో, మరో మందు చేర్చడమో చేయకుండా ముందు స్ట్రిప్ చూడాలన్న ఆవిడ పద్ధతి వల్ల మేము చాలా త్వరగా బయటపడ్డాం.

ఈ రెండు మాత్రల మధ్య తేడా ఏమిటో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మకందారు వాదన అంతా ఆ తేడా లేదన్న మాట మీదే నిలబడింది. రెండింటిలోనూ పనిచేసే ఔషధం మెటోప్రోలాలే. సక్సినేట్, టార్ట్రేట్ అనేవి దానిని ఏ లవణంగా తయారుచేశారో చెప్పే మాటలు. అసలు తేడా మాత్ర నిర్మాణంలో ఉంది. టార్ట్రేట్ సాధారణ మాత్ర త్వరగా కరిగి ఒకటి రెండు గంటల్లోనే ప్రభావపు శిఖరానికి చేరుతుంది. ఆపైన సుమారు 3 నుంచి 7 గంటలకొకసారి రక్తంలోని మందు సగానికి తగ్గుతూ పోతుంది. అందుకే దానిని సాధారణంగా రోజుకు రెండుసార్లు విడదీసి ఇస్తారు. నెమ్మదిగా విడుదలయ్యే సక్సినేట్ మాత్రలో పైపూత ఉన్న సన్నని గుళికలు ఉంటాయి. వాటి నుంచి మందు దాదాపు రోజంతా కొద్దికొద్దిగా ఊరుతుంది. రోజు మొత్తానికి ఉద్దేశించిన మోతాదును త్వరగా కరిగే మాత్ర రూపంలో ఒకేసారి ఇచ్చినప్పుడు పొద్దున అవసరానికి మించి, రాత్రి అవసరానికి తక్కువగా పడుతుంది. మా నాన్నగారి బీపీ మీటరు చూపించింది సరిగ్గా అదే.

గుండె బలహీనపడి ఈ మందు వాడేవారికి ఈ మార్పు ఇంకా తీవ్రమైన విషయం. 1999లో వెలువడిన మెరిట్-హెచ్‌ఎఫ్ అనే పెద్ద అధ్యయనంలో, గుండె వైఫల్యం ఉన్న రోగుల్లో మరణాలు 34 శాతం తగ్గాయని తేలింది. అందులో వాడినది నెమ్మదిగా విడుదలయ్యే సక్సినేట్ రకమే. ఆ ఫలితాన్ని సాధారణ టార్ట్రేట్ మాత్రకు అంటగట్టడానికి వీల్లేదు. ఇక రెండు రకాలకూ 50 అనే అంకె ఒకటే ఉండటం వల్ల, అంకె మాత్రమే చూసుకుని పెట్టెలు నింపేవారికి ఇవి ఒకటిగానే కనబడతాయి.

అమ్మకందారుకు ఫోను చేసినప్పుడు వచ్చిన సమాధానం, "అదే మాలిక్యూల్ అండీ, కంపెనీ మాత్రమే వేరు." ఫోనెత్తిన వ్యక్తికి చూసి చదవడానికి ఇచ్చిన వాక్యం అది, అతని మీద నాకు కోపం లేదు. ఫార్మసిస్టుతో మాట్లాడించమని పట్టుబట్టగా పట్టుబట్టగా, చివరికి లైనులోకి వచ్చిన ఫార్మసిస్టు రెండు పేర్లూ వినగానే పొరపాటని ఒప్పుకున్నారు. అంటే తెలిసిన మనిషి ఆ సంస్థలోనే ఉన్నారు, కానీ పెట్టె కదలడానికి ముందు ఆయన కంటికి అది చేరలేదు. తెరిచిన స్ట్రిప్‌ను వెనక్కి తీసుకోబోమని సంస్థవారు మొదట మొండికేశారు. తెరవకుండా తేడా తెలిసేదెలాగో వారే చెప్పాలి.

తరువాత యాప్‌ను జాగ్రత్తగా వెతికితే, "దొరకని పక్షంలో ప్రత్యామ్నాయం పంపవచ్చు" అన్న గడి ముందుగానే టిక్కు పెట్టి ఉంది. ఆ టిక్కు తీసేసినా తరువాతి ఆర్డరులో మళ్లీ ప్రత్యక్షమైంది. కాబట్టి ఒకసారి మార్చాం కదా అని నిశ్చింతగా ఉండకుండా, డబ్బు కట్టే ముందు ప్రతిసారీ దానిని చూసుకోండి.

ఇది చదివి జెనరిక్ మందులంటేనే భయపడవద్దు. నా అభ్యంతరం బ్రాండు మార్చడం మీద కాదు. జెనరిక్ మందు రక్తంలోకి చేరే మోతాదు, వేగం అసలు బ్రాండుతో సరితూగుతాయని తయారీదారు చూపించాలన్న నియమం చాలా దేశాల్లో ఉంది. ఔషధం, లవణం, మోతాదు, విడుదలయ్యే తీరు అన్నీ కలిసినప్పుడు తక్కువ ధర జెనరిక్‌ను వదులుకోవడానికి కారణం కనబడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా అది ప్రత్యామ్నాయం కాదు, వేరే మందు. దానిని ఇవ్వాలో వద్దో చెప్పవలసింది వైద్యులే.

స్ట్రిప్ చేతికి రాగానే పెద్ద అక్షరాల బ్రాండు పేరును పక్కన పెట్టి, దాని కింద గానీ వెనుక గానీ చిన్న అక్షరాల్లో ఉండే కూర్పు వాక్యాన్ని చదవండి. "ప్రతి మాత్రలో" అని మొదలయ్యే ఆ వాక్యాన్ని పాత స్ట్రిప్‌తో అక్షరం అక్షరం పోల్చండి. పాత స్ట్రిప్‌ను పారేయకుండా ఉంచుకోవడం ఇందుకే. కనీసం దాని ఫొటో ఫోనులో ఉండాలి. పేరు చివర ఉండే ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎల్, సీఆర్ వంటి అక్షరాలు అలంకారానికి పెట్టినవి కావు. మందు నెమ్మదిగా విడుదలవుతుందని చెప్పే గుర్తులు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, రక్తపోటుకు వాడే నిఫెడిపిన్, నొప్పికి వాడే ట్రమడాల్, డైక్లోఫెనాక్ ఇవన్నీ రెండు రకాలుగానూ దొరుకుతాయి. వీటిలో నిఫెడిపిన్‌తో మరీ జాగ్రత్త అవసరం, ఎందుకంటే త్వరగా కరిగే రకం రక్తపోటును ఒక్కసారిగా పడగొట్టగలదు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను పొడి చేయకూడదు, నమలకూడదు; అలా చేస్తే రోజంతటి మందు ఒక్కసారిగా బయటకు వస్తుంది. మధ్య గీత ఉన్న కొన్నింటిని రెండుగా విరవవచ్చు, మా నాన్నగారి మాత్ర అటువంటిదే, కానీ ఏది విరవవచ్చో ఫార్మసిస్టును అడగకుండా మనమే నిర్ణయించుకోకూడదు.

పేర్లు దగ్గరగా ఉండటం వల్ల జరిగే తారుమారు కూడా కొత్తది కాదు. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్‌ను అమెరికాలో మొదట లోసెక్ పేరుతో అమ్మేవారు. మూత్రం ఎక్కువగా వెళ్లడానికి ఇచ్చే లాసిక్స్‌తో అది కలగాపులగం అవుతుండటంతో 1990లో అక్కడ దాని పేరును ప్రిలోసెక్‌గా మార్చారు. చేతిరాత చీటీల కాలపు ఇబ్బంది అది అనుకోవచ్చు గానీ, యాప్‌లో మొదటి మూడు అక్షరాలు కొట్టగానే వరుసగా దిగే పేర్ల జాబితాలో వేలు ఒక గడి కిందికి జారడం అంతకంటే తేలిక.

యాప్ తనంతట తానే పెట్టే "మందు వేళ" రిమైండర్లను కూడా గుడ్డిగా నమ్మవద్దు. నేను చూసిన యాప్‌లో ఏ మందుకైనా మొదట "రోజుకు ఒకసారి" అనే పడుతోంది. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వంటి మందుకు అది ప్రాణాంతకం. ఆ జబ్బుకు దానిని వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకుని ఎముక మజ్జ దెబ్బతిని మరణించిన సందర్భాలు వైద్య ప్రపంచంలో పలుమార్లు నమోదయ్యాయి. ఆ మందు వాడేవారు వారంలో ఏ రోజున వేసుకోవాలో చీటీ మీదే రాయించుకోవడం మంచిది.

అదే ఆర్డరులో ఎదురైన మరో రెండు విషయాలు. ఒకటి, కత్తిరించిన స్ట్రిప్ ముక్కలు. గడువు తేదీ, బ్యాచ్ నంబరు సాధారణంగా స్ట్రిప్‌లో ఒక కొసనే ముద్రిస్తారు. ఆ కొస మరొకరికి వెళ్లిపోయి మనకు మిగతా ముక్క వస్తే ఆ మందు ఎప్పటిదో, ఎవరిదో చెప్పే ఆధారమే ఉండదు. అటువంటి ముక్కలను తీసుకోవద్దు.

రెండోది, డబ్బు కట్టే ముందు "వీటిని కూడా కొంటున్నారు" అంటూ యాప్ చూపించే జలుబు మాత్రలు. జ్వరానికని పారాసిటమాల్ 650 మి.గ్రా. మాత్రలు తీసుకున్నవారికి, పారాసిటమాల్ 500 మి.గ్రా. కలిసిన జలుబు మాత్రను అది నిస్సంకోచంగా చూపిస్తోంది. లెక్క వేసి చూడండి: 650 చొప్పున రోజుకు నాలుగు వేసుకుంటే 2,600 మి.గ్రా.; జలుబు మాత్ర మూడు పూటలా వేసుకుంటే మరో 1,500. మొత్తం 4,100. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు గరిష్ఠ పరిమితి 4,000 మి.గ్రా.; కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం ఎక్కువగా తాగేవారికి, బాగా బక్కచిక్కినవారికి వైద్యులు ఇంకా తగ్గిస్తారు. రెండు స్ట్రిప్‌ల మీదా రాసినట్లే వాడిన మనిషి, ఏ తప్పూ చేయకుండానే, పరిమితి దాటిపోతాడన్నమాట. పారాసిటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది; మామూలు మోతాదులో గ్లూటాథయోన్ అనే పదార్థం దానిని అణచివేస్తుంది, మోతాదు మితిమీరితే ఆ నిల్వ అడుగంటుతుంది. మోసపుచ్చే సంగతి ఏమిటంటే, మొదటి రోజు వికారం తప్ప పెద్ద లక్షణమేమీ కనబడకపోవచ్చు. కాలేయం దెబ్బతిన్న గుర్తులు ఆ తరువాతే బయటపడతాయి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది కాబట్టి, మోతాదు మించిందని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని దేశాల మందులపై దీనినే ఎసిటమినోఫెన్ అని రాస్తారు, రెండూ ఒకటే.

చిన్నపిల్లలకు ఇదే మందు చుక్కల రూపంలోనూ, సిరప్ రూపంలోనూ వస్తుంది. సాధారణంగా దొరికే చుక్కల మందులో 1 మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటే, ఒక రకం సిరప్‌లో 5 మి.లీ.కు 120 మి.గ్రా. ఉంటుంది. సిరప్ బదులు చుక్కల సీసా పంపి, "అదే మందు" అన్న మాట నమ్మి 5 మి.లీ. పోస్తే బిడ్డకు నాలుగు రెట్లకు పైగా మందు పడుతుంది. సీసా మారిందంటే కొలత కూడా మారిందేమో చూడాలి, సీసాతో వచ్చిన కొలత పరికరంతోనే పోయాలి.

పెట్టెలో తప్పు మందు వచ్చిందని తెలిస్తే కంగారులో మందు మానేయవద్దు. మెటోప్రోలాల్ వంటి మందులను ఉన్నట్టుండి ఆపితే గుండె వేగం, రక్తపోటు ఎగబాకుతాయి; గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారికి ఛాతీ నొప్పి, గుండెపోటు కూడా రావచ్చు. వైద్యునికి ఫోను చేసి, వచ్చిన మందు పేరూ మోతాదూ చదివి వినిపించి, సరైనది చేతికందేవరకు ఏం చేయాలో అడగండి. మా వైద్యురాలు ఆ పూటే దగ్గరలోని దుకాణం నుంచి సరైన మాత్ర తెప్పించి, మొదటి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కూడా చెప్పారు.

అమ్మకందారు డబ్బు తిరిగి ఇవ్వడానికి చివరికి ఒప్పుకుని, స్ట్రిప్‌ను తీసుకువెళ్లడానికి మనిషిని పంపుతామన్నారు. ఆ మనిషి చేతిలో పెట్టడానికి ముందే స్ట్రిప్‌కు రెండు వైపులా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ స్పష్టంగా కనబడేటట్లు ఫొటోలు తీసుకోండి. బిల్లును, మీరు పంపిన చీటీని, ఫిర్యాదు నంబరును వాటితో పాటే దాచుకోండి. ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేస్తే వారు ముందుగా అడిగేవి ఇవే. సరుకు వెనక్కి వెళ్లిన తరువాత మా యాప్‌లోని ఆర్డరు వివరాల్లో ఆ మాత్ర పేరు స్థానంలో "రద్దు చేయబడింది" అన్న మాట మాత్రమే మిగిలింది. నేను పంపిన ఫిర్యాదుకు జత చేయగలిగినవి ఆ ఫొటోలే.