మోకాళ్ల నొప్పికి ఏది మేలు: సూదా, గోలీయా, కసరత్తా?

మా అమ్మ నలభై ఏళ్లు నర్సంపేట దగ్గరి పొలాల్లో నాట్లు వేసింది, పత్తి ఏరింది. ఇప్పుడు నేల మీంచి లేవాలంటే ఒక చెయ్యి గోడకు, ఇంకో చెయ్యి తొడకు ఆనించాల్సిందే. "సూది ఏయించుకుంటే పోతది బిడ్డా" అనేది. మా చిన్నమ్మదీ అదే మాట. ఇద్దరూ ఊళ్లో ఒకే చోట ఒకే సూది వేయించుకునేవాళ్లు. తీరా పెద్ద డాక్టరుకు చూపిస్తే తెలిసింది, ఇద్దరిదీ ఒకే జబ్బు కాదని.

ఏది మేలు అని అడిగే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. అమ్మది అరుగుడు, అంటే కీలులో ఎముకల చివర మెత్తగా ఉండే మృదులాస్థి అరిగిపోవడం. పొద్దున లేచాక పది నిమిషాల్లో మోకాళ్లు వదులవుతాయి, పని చేసిన కొద్దీ సాయంత్రానికి నొప్పి ఎక్కువవుతుంది. చిన్నమ్మకు పొద్దున గంట దాటినా పిడికిలి బిగిసేది కాదు. రెండు చేతుల కణుపులూ ఉబ్బి, తడి టవల్ కూడా పిండలేకపోయేది. అది రుమటాయిడ్. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేస్తుంది. దాన్ని నొప్పి గోలీలతో నెట్టుకొస్తే వేళ్లు వంకర పోతాయి. మెథోట్రెక్సేట్ లాంటి మందు ఎంత తొందరగా మొదలుపెడితే కీళ్లు అంత దక్కుతాయి. అయితే ఆ గోలీ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మా ఇంటి క్యాలెండర్‌లో ప్రతి ఆదివారానికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టాం. మధ్య మధ్యలో రక్త పరీక్షలు కూడా తప్పవు.

ఇక అరుగుడు సంగతి. సూదితో హాయి నిజమే, కానీ అది నిలవదు. ఎముకల డాక్టరు మోకాలి కీలులోకే ఇచ్చే స్టెరాయిడ్ సూది వాపు బాగా ఉన్నప్పుడు కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. మేడారం పోయే ముందు ఒకటి వేయించుకుంటానని అడిగేవాళ్లు మా వైపు చాలామందే. ఎప్పుడో ఒకసారి అయితే తప్పు లేదు. మాటిమాటికీ వేయిస్తే ఉన్న మృదులాస్థి కూడా పాడవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది కూడా. ఏం మందో చెప్పకుండా నడుముకు వేసే సూదులనూ, పేరు లేని పొట్లాల్లో అమ్మే పొడులనూ నేను అసలు నమ్మను. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం ఉన్నదే.

డైక్లోఫినాక్ లాంటి గోలీలు రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది. అమ్మకు ముందే బీపీ ఉంది. అదే మందు జెల్‌గా మోకాలికి రాస్తే ఒంట్లోకి చాలా తక్కువ పోతుంది, నొప్పి మాత్రం తగ్గుతుంది. గోలీకీ జెల్‌కీ మధ్య నా ఓటు జెల్‌కే.

కానీ అన్నిటికంటే మేలు చేసింది కసరత్తు. మొదట్లో అమ్మ ఒప్పుకోలేదు. "పొద్దంత పొలంల చేసేది కసరత్తు కాదా?" అంది. వంగి, గొంతుక్కూర్చుని చేసే పనిలో మోకాలి మీద బరువే పడుతుంది. మోకాలిని కాపాడేది తొడ ముందు కండ, దానికి వేరే పని పెట్టాలి. మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి అదమాలి. తొడ గట్టిపడి మోకాలి చిప్ప పైకి కదులుతుంది. ఐదు లెక్కపెట్టి వదలాలి. పది సార్లు, పొద్దునా సాయంత్రం. కొన్నాళ్లయ్యాక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. చేశాక కాస్త నొప్పి వచ్చినా భయం లేదు, మర్నాటికీ తగ్గకపోతే సంఖ్య తగ్గించాలి. రెండు వారాలకు అమ్మ "ఏం ఫరక్ లేదు" అంది. రెండు నెలలకు గోడ పట్టుకోవడం మానేసింది.

బరువు తగ్గడమూ ఇందులో భాగమే. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర కూడా నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి.

ఇవన్నీ నెలల తరబడి చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే ఆపరేషన్‌కు వెనకాడొద్దు. మార్చిన మోకాళ్లలో పదింటికి ఎనిమిది దాకా పాతికేళ్లు నిలుస్తాయి. 2017లో కేంద్రం ఇంప్లాంట్ (లోపల పెట్టే కృత్రిమ కీలు) ధరలకు పరిమితి పెట్టింది. కాకపోతే తర్వాత నేల మీద బాసిపట్టు వేసి కూర్చోవడం కష్టం. ఆపరేషన్ అయ్యాకా ఆ తొడ కసరత్తే మళ్లీ చేయాలి.

మొన్న బతుకమ్మకు అమ్మ కింద కూర్చోకుండా, కుర్చీ వేసుకుని స్టూలు మీద తాంబాలం పెట్టి తంగేడు పేర్చింది. గునుగు పూలకు రంగులద్ది కట్టలు కట్టింది చిన్నమ్మ, తన చేతులతోనే.