ప్రోగ్రెస్సా, డ్రాగనా? అంతరిక్ష కేంద్రానికి ఏ సరుకుల బండి మేలు?

మనుషులు లేకుండా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకులు చేరవేసే నౌకల గురించి మాట వస్తే అందరూ ముందు అడిగేది ఏది ఎక్కువ బరువు మోస్తుందనే. ప్రోగ్రెస్ దాదాపు రెండున్నర టన్నులు మోస్తుంది, అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ వాళ్ల డ్రాగన్ అంతకంటే కాస్త ఎక్కువ. నాకైతే ఆ లెక్క అంత ముఖ్యమనిపించదు. సరుకు దించాక అక్కడ ఇంకేం పని చేస్తుంది, పోతూ పోతూ ఏం పట్టుకెళ్తుంది? తేడా అంతా అక్కడే.

రష్యా వాళ్ల ప్రోగ్రెస్ పాతకాపు. 1978 జనవరిలోనే సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్-6కు సరుకులు మోసింది. దీని గొప్పతనం ఇంధనంలో ఉంది. స్టేషన్‌కు అతుక్కున్నాక, డాకింగ్ రింగులోని (రెండూ అతుక్కునే చోటి) గొట్టాల గుండా ఇంధనం, దాన్ని మండించే ఆక్సిడైజర్ నేరుగా స్టేషన్ ట్యాంకుల్లోకి వెళ్తాయి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులోనూ గాలి పూర్తిగా లేకపోలేదు. ఆ పలచటి గాలి రాపిడికే స్టేషన్ రోజూ కొంచెం కొంచెం కిందికి జారుతుంటుంది. అప్పుడప్పుడూ ప్రోగ్రెస్ తన ఇంజన్ మండించి దాన్ని పైకి నెడుతుంది.

మచ్చ లేదని కాదు. 1997 జూన్ 25న రష్యా వాళ్ల పాత అంతరిక్ష కేంద్రం మీర్‌లో, ప్రోగ్రెస్‌ను రిమోట్‌తో చేత్తో నడిపి అతికించే పరీక్ష చేస్తుండగా అది వెళ్లి స్పెక్టర్ మాడ్యూల్‌ను గుద్దింది. గాలి బయటికి పోతోంది. తలుపు మూద్దామంటే ద్వారంలో అడ్డంగా కేబుళ్లు! వాటిని ఊడదీసి, కొన్నింటిని కోసి, ఆ గదిని మూసేశారు.

పని అయ్యాక ప్రోగ్రెస్ నిండా చెత్త నింపి పంపేస్తారు, వాతావరణంలో కాలిపోతుంది. అమెరికా వాళ్ల మరో సరుకుల నౌక సిగ్నస్‌దీ అదే కథ. కాకపోతే 2016లో, స్టేషన్ వదిలాక దాని లోపల కావాలనే మంట పెట్టి, అంతరిక్షంలో నిప్పు ఎలా పాకుతుందో చూశారు. చెత్తబండితో అంత పని చేయించడం నాకు భలే నచ్చింది.

డ్రాగన్ మాత్రం కాలిపోదు, పారాచూట్లతో సముద్రంలో దిగుతుంది. గడ్డకట్టించిన రక్త నమూనాలు కరిగిపోకుండా ల్యాబుకు చేరాలన్నా, పాడైన పరికరాన్ని విప్పి చూడాలన్నా అదే దిక్కు. 2024 నవంబరులో స్టేషన్‌ను పైకి నెట్టే పనీ చేసి చూపించింది. పరిశోధకులను అడిగితే మరో మాట లేకుండా దీనికే ఓటు వేస్తారు.

ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం నేను ప్రోగ్రెస్ అంటాను. నమూనాలు కిందికి రావాలన్నా ముందు స్టేషన్ పైన ఉండాలి కదా!

అయినా ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో 2015లో తెలిసింది. 2014 అక్టోబరులో సిగ్నస్, 2015 ఏప్రిల్‌లో ప్రోగ్రెస్, జూన్‌లో డ్రాగన్ వరసగా సరుకులతో సహా పోయాయి. ఆ తర్వాత జూలై 5న స్టేషన్ తలుపు తట్టింది మరో ప్రోగ్రెస్సే.