శవం ఎక్కడ దొరకాలి: కెఫేలోనా, పుస్తకాల దుకాణంలోనా?

1920ల పారిస్‌లో మకాం వేసిన అమెరికన్, ఇంగ్లిష్ రచయితల మధ్య హత్య జరిగిందని నవల రాయాలంటే ముందు గుర్తొచ్చేది మోంపర్నాస్‌లోని డోమ్ కెఫే. అప్పులు, అసూయలు, తాగి అరుచుకోవడాలు. అనుమానితులకు కొదవ లేదు. పైగా అప్పటి కెఫేల్లో పానీయం ధర ముద్రించిన సాసర్‌తో వచ్చేది. డబ్బు కట్టేదాకా సాసర్లు బల్లమీదే పేరుకునేవి. ‘ఒక్క గ్లాసే తాగాను’ అన్నవాడి ముందు ఆరు సాసర్లుంటే డిటెక్టివ్‌కు వేరే సాక్షి ఎందుకు? కానీ అంత గుంపులో ఎవరు ఎప్పుడు లేచి వెళ్లారో గుర్తుపెట్టుకోవడం పాఠకుడికి తలనొప్పే.

ఇక పుస్తకాల దుకాణం. సిల్వియా బీచ్ పారిస్‌లో నడిపిన ఇంగ్లిష్ పుస్తకాల దుకాణం షేక్స్‌పియర్ అండ్ కంపెనీ 1921 నుంచి ఓదెయోన్ వీధి 12వ నంబరులో ఉండేది. పుస్తకాలు అమ్మడమే కాదు, చందాదారులకు అరువిచ్చేవారు కూడా. ఎవరు ఏది ఎప్పుడు తీసుకెళ్లారో, ఎప్పుడు తిరిగిచ్చారో కార్డులమీద రాసేవారు. స్థిరమైన చిరునామా లేని రచయితల ఉత్తరాలూ అక్కడికే చేరేవి. తేదీలు, ఉత్తరాలు, చేతిరాతలు అన్నీ ఒకే చోట! నా ఓటు దుకాణానికే. వెయిటర్ ఎత్తుకెళ్తే సాసర్ల సాక్ష్యం పోయినట్టే; కార్డు దిద్దాలంటే మాత్రం హంతకుడు మళ్లీ ఆ గడప తొక్కాలి.